రంభ జెట్టీ దగ్గర గాలం వేయొచ్చా? బరంపురం నుంచి ఎలా వెళ్లాలి?

బరంపురం కుర్రోడు:
అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం మా బావమరిదితో కలిసి చిలిక సరస్సుకి వెళ్దామనుకుంటున్నాం, బోటు షికారు కోసం కాదు, గాలం వేయడానికి. గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డున వేసిన అలవాటు ఉంది కానీ సరస్సులో ఎప్పుడూ వేయలేదు. బండి లేదు, బస్సో రైలో ఎక్కాలి. సరస్సు ఒడ్డున రంభ మంచిదా, బాలుగావ్ మంచిదా? పోటు ఎన్ని గంటలకో చూసుకుని బయల్దేరాలా? ఎర ఏం తీసుకెళ్లాలి?

ఛత్రపురం పెద్దాయన:
రంభే వెళ్లండి బాబూ, దగ్గర. భువనేశ్వర్ వైపు పోయే బస్సులు హైవే మీద రంభ మీదుగానే పోతాయి, కానీ కండక్టరుకి ఎక్కేటప్పుడే చెప్పకపోతే ఊరు దాటించేస్తాడు. రైలైతే పాసింజరే ఎక్కాలి, ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా బాలుగావ్‌లోనే ఆగుతాయి. స్టేషన్ నుంచి ఆటోలో పంథనివాస్ (టూరిజం వాళ్ల హోటలు) అని చెప్తే జెట్టీ పక్కనే దింపుతాడు. తెల్లారేసరికి అక్కడ ఉండేలా చూసుకోండి, టూరిస్టు బోట్లు మొదలయ్యాక నీళ్లు కలకబారి జెట్టీ దగ్గర ఏమీ పడదు.

పోటు సంగతి మర్చిపోండి. సముద్రంలోకి తెరుచుకునే మొగలు పూరీ దిక్కున సాతపడా వైపున్నాయి, 2000లో సిపాకుడా దగ్గర కొత్తగా తవ్వింది కూడా అటే. రంభ దక్షిణం కొసన ఉంది, ఆటుపోట్లు ఇక్కడిదాకా పెద్దగా తెలియవు. చూడాల్సింది గాలి. ఎండాకాలం ఎండెక్కేకొద్దీ దక్షిణపు గాలి లేచి అలలు కొడతాయి, తంగూసు (గాలం దారం) ఎటు పోతోందో కూడా తెలియదు.

గాలం రాజు:
ఎర గురించి నేను చెప్తా. భేక్టి, అదే మన పండుగప్ప, కావాలంటే బతికున్న రొయ్యే, చచ్చిన రొయ్యకి జెల్లలూ పీతలూ వస్తాయి తప్ప అది రాదు. రాళ్లున్న చోట వెయ్యండి. ఖయింగా మీద ఆశ పెట్టుకోకండి, అది నాచూ అడుగు బురదా తినే చేప, చిన్న గాలానికి పిండి ముద్ద పెడితే ఎప్పుడన్నా ముడుతుంది, వలకి పడినట్టు గాలానికి పడదు. జెల్ల పడితే మాత్రం చేత్తో పట్టుకోవద్దు, కటింగ్ ప్లేయరుతో కొక్కెం తీయండి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టాలి, నొప్పి తగ్గుతుంది, తర్వాత డాక్టరుకి చూపించుకోండి.

బరంపురం బావ గారూ, బాలుగావ్ కూడా తీసిపారేయకండి. చేపలు కొనాలంటే అదే, పీతలూ రొయ్యలూ అక్కడికే దిగుతాయి. గాలానికి ఏమీ పడకపోతే ఇంటికి ఖాళీ చేతులతో పోనక్కర్లేదు 😀

హుమ్మా వాడు:
ఒక మాట అడుగుతున్నా, పర్మిషన్ గురించి ఎవరూ చెప్పలేదేం? చిలికలో చేపలు పట్టే జాగాలు మత్స్యకారుల సొసైటీలకి లీజుకిచ్చినవి. నీళ్లలో వెదురు బొంగులు పాతి వల కట్టి ఉంటే అది ఒకళ్ల బతుకుతెరువు, దాని పక్కన గాలం వేసి తంగూసు వలలో చిక్కుకుంటే గొడవే, తప్పు కూడా మనదే. నలబణ వైపు అసలు వద్దు, పక్షుల అభయారణ్యం అది. శీతాకాలంలో బోటువాడు డబ్బుకి ఆశపడి తీసుకెళ్తానన్నా ఒప్పుకోకండి.

ఛత్రపురం పెద్దాయన:
హుమ్మా తమ్ముడు చెప్పింది నిజం. జెట్టీ మీద వేసే ముందు కూడా అక్కడున్నవాళ్లని అడగండి. తెలుగు అర్థమయ్యేవాళ్లు దొరుకుతారు, లేకపోతే మన బరంపురం ఒడియా ఎలాగూ ఉందిగా.

బరంపురం కుర్రోడు:
చాలా థాంక్స్ అండీ. అయితే రంభే ఖాయం, పొద్దున్నే పాసింజరు దొరక్కపోతే బస్సు. గాలం రాజు గారూ, బతికున్న రొయ్య ఇక్కడినుంచి పట్టుకెళ్లాలా, అక్కడే దొరుకుతుందా?

గాలం రాజు:
ఇక్కడినుంచి తీసుకెళ్తే దారిలోనే చస్తాయి. రేవులో తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొచ్చేటప్పుడు అడిగి గుప్పెడు కొనుక్కోండి, మూత ఉన్న బకెట్ ఒకటి పట్టుకెళ్లండి, సరస్సు నీళ్లే పోయండి, కుళాయి నీళ్లు పోయకండి.