చేతఁ జిక్కియా, చేత చిక్కియా?

కృష్ణలంక: సుమతీ శతకంలో బద్దెన కందం, “బలవంతుఁడ నాకేమని / పలువురితో నిగ్రహించి పలుకుట మేలా / బలవంతమైన సర్పము”, దాని చివరి పాదం. “చలిచీమల చేత చిక్కి చావదె” అనే నోటికొస్తోంది. అచ్చులో “జిక్కి” చూసిన గుర్తు. ఏది సరి?

బ్రాడీపేట: “చేతన్” ద్రుతాంతం, అంటే చివర నకారం ఉంది. సరళాదేశం వచ్చి “చ” కాస్తా “జ” అయి తీరాలి, చేతఁ జిక్కి. అరసున్నా మింగేసిన చవక ప్రతుల పుణ్యమే మీ “చిక్కి”. ఛందస్సు సాయం రాదు, ఎలా చదివినా పద్యం రెండో సగంలో ఆరో గణం జగణమే (లఘువు, గురువు, లఘువు). యతి “చ, చా” దగ్గర తీరిపోయింది.

సత్యనారాయణపురం: అక్షరం సరే, అర్థమో? చిక్కడమంటే పట్టుబడటం, బక్కచిక్కడం కూడా. పాము నీరసించి చచ్చిందంటే తప్పేముంది?

బ్రాడీపేట: చీమలచేత బక్కచిక్కడం ఎక్కడి తెలుగండీ?

లాం ఫారం: రెండర్థాలకీ లెక్క వేరు. చుట్టుముట్టి అందరూ ఒకేసారి కుడితే 1916 నాటి లాంచెస్టర్ వర్గ సూత్రం: గుంపు బలం = ఒక్కొక్కరి సత్తా × సంఖ్య వర్గం. మూడింతల సత్తా ఉన్న 10 చీమలకు 300, మామూలువి 20 ఉంటే 400. ఇరవైదే గెలుపు, పది మిగులుతాయి. అదే ఇరుకు కన్నంలో ఒకదానికొకటి ఎదురుపడితే వర్గం ఉండదు: 30కి 20. బలిసినవే గెలుస్తాయి, మూడు మిగులుతాయి. కాబట్టి “జిక్కి” అంటే చుట్టుముట్టడమే, నా ఓటు దానికే.

సత్యనారాయణపురం: ఆ సూత్రం చీమలకు పట్టిందా?

లాం ఫారం: అక్కడే తిరకాసు. ప్లోస్, ఆడమ్స్ అనే పరిశోధకులు 2005లో ఫైర్ యాంట్ల చావులు లెక్కగట్టారు. వర్గం కుదరలేదు, బలం దాదాపు సంఖ్యకు తగినట్టే పెరిగింది. గుంపు ఎంతున్నా ముందువరసే కదా కరిచేది. 2023లో ఆస్ట్రేలియా మీట్ యాంట్లను అర్జెంటీనా చీమలతో పోరాడించిన సంగతీ చూడండి. మీట్ యాంట్లు పెద్దవి, అర్జెంటీనావి చిన్నవి. చదును నేలమీద కంటే అడ్డులున్న చోట పెద్దవాటికి మేలు జరిగింది.

కొత్తపేట: ద్రోణపర్వంలో సైంధవుడూ అంతే. వ్యూహం మూతి దగ్గర ఒక్కడు నలుగురు పాండవుల్ని నిలిపాడు. లోపల అభిమన్యుణ్ణి చుట్టేశారు. తిక్కనకు మీ రెండు లెక్కలూ తెలుసు!

బ్రాడీపేట: తెలియకేం, గుంటూరి విభుడు మంత్రి భాస్కరుడి మనవడాయె.

సత్యనారాయణపురం: తాత మీ గుంటూరువాడు. మనవడు నెల్లూరు కొలువువాడు. పంచుకోవద్దు.

కృష్ణలంక: చి-నా, జి-నా?

లాం ఫారం: బక్కచిక్కడం పూర్తిగా కొట్టెయ్యలేం. వుడ్ యాంట్లలో చిన్న గుంపులో ఉన్నవే తెగించి పోరాడి, త్వరగా చస్తాయి (2011). ఇక అరిజోనా తేనెకుండ చీమలు మామూలుగా కొట్టుకోవు. కాళ్లు నిక్కించి ఎదురెదురుగా నిలబడి పోటీ పెట్టుకుంటాయి. అవతల జనం బాగా తక్కువని తేలిందా, పుట్ట మీద పడి రాణిని చంపేసి పిల్లల్ని ఎత్తుకుపోతాయి. పద్యంలో “పలువురితో” అన్నమాట అందుకే బరువైంది.

బ్రాడీపేట: ప్రాస కోసం “ల” కావాలి, అంచేత “పలువురి”. కవిని పురుగుల శాస్త్రంలోకి లాగకండి. అదే “ల” కోసం “చలి” కూడా.

సత్యనారాయణపురం: చలిచీమ అంటే కుట్టని నల్లచీమ కదా. కుట్టనిది పామునెలా చంపింది?

కొత్తపేట: దాని కంటే ముందు “పలుకుట మేలా” చూడండి. మేలు+ఆ? లేక “పలుకుట యేలా”? రెండూ గణానికి సరిపోతున్నాయి.