నల్ల టీషర్టు మీద తెలుగు అక్షరాలు: ఒత్తులు పూడిపోతున్నాయి, ప్రింటు పగులుతోంది

నల్లటీ_ఉప్పల్

హైదరాబాద్‌లో చిన్న బట్టల లేబుల్ (బ్రాండు) మొదలెడుతున్నాం. మొదటి విడత 100 పీసులు, ఒకటే డిజైను. నలుపు, ఓవర్‌సైజ్డ్, 240 జీఎస్ఎం (చదరపు మీటరుకి 240 గ్రాముల గుడ్డ). వీపు మీద 34 సెం.మీ. వెడల్పున తెలుగు అక్షరాలు, తెలుపు, ఎరుపు. ఎడమ ఛాతీ మీద 8 సెం.మీ. లోగో, తెలుపు ఒక్కటే.

రెండు శాంపిళ్లు వచ్చాయి. డీటీఎఫ్‌లో (ఫిల్మ్ మీద అచ్చేసి వేడితో గుడ్డకి అంటించేది) అక్షరాలు పదునుగా ఉన్నాయి గానీ వీపంతా అట్ట అంటించినట్టుంది, గాలాడదు. స్క్రీన్ ప్రింటు (జాలీలోంచి సిరా దించేది) చేతికి బాగుంది, కానీ ఒత్తుల సందులు పూడిపోయాయి, మూడు ఉతుకులకే సన్నటి పగుళ్లు. ప్రింటర్‌ని అడిగితే "తెలుగు అక్షరాలకి ఇంతేనండి" అంటున్నాడు. నిజంగా ఇంతేనా? 100 పీసులకి ఏది నయం?

స్క్వీజీ70

ఇంతే కాదు. పగులూ పూడికా రెండూ వేర్వేరు కారణాల వల్ల వస్తాయి, కలిపి చూడకండి.

పగులు సంగతి ముందు. ప్రింటును రెండు చేతులతో పట్టి అడ్డంగా లాగండి. పగులు అడుగున నల్ల గుడ్డ కనిపిస్తే సిరా లోపలిదాకా క్యూర్ కాలేదు (వేడికి గట్టిపడలేదు). అలా కాకుండా ఎరుపు ఒక్కటే పొరలా లేచి కింద తెలుపు నిలిచి ఉంటే మధ్యలో ఫ్లాష్ (పై రంగు వేసేముందు కింది పొరని ఆరబెట్టే వేడి) ఎక్కువైంది. తెలుపు బేస్‌ని 105–115 డిగ్రీల దగ్గర ఆపాలి. వేలికి అంటకపోతే చాలు. అంతకు మించి కాలిస్తే పై రంగు దానికి పట్టదు.

మామూలు ప్లాస్టిసాల్ (వేడికే గట్టిపడే ప్లాస్టిక్ సిరా) అయితే పొర మొత్తం మందాన 160 డిగ్రీలు అందాలి (తక్కువ వేడికే గట్టిపడే లో-క్యూర్ రకాలు వేరు, డబ్బా మీద ఉన్న అంకె చూడండి). లేజర్ గన్ చూపించేది పైపై వేడి మాత్రమే. 240 జీఎస్ఎం నూలు గుడ్డ తేమ బాగా పట్టుకుంటుంది, అది ఆవిరయ్యేదాకా అడుగున వేడెక్కదు. 160 జీఎస్ఎంకి పెట్టిన డ్రైయర్ బెల్టు వేగంతోనే మీ పీసులు పంపితే సగం క్యూర్‌తో బయటపడతాయి. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. బెల్టు నెమ్మది చేయమనండి. వేడి పెంచితే పైన మాడుతుంది, కింద పచ్చిగానే ఉంటుంది.

ఇక పూడిక. నలుపు మీద తెలుపు దట్టంగా దిగాలని చాలా షాపులు 43టీ మెష్ వాడతాయి (సెంటీమీటరుకి 43 దారాల జాలీ, అంగుళం లెక్కలో 110). సిరా బాగా దిగుతుంది, సన్నటి సందులు మాత్రం నిలవవు. 61టీ లేదా 77టీకి వెళ్లి, ఒక పుల్ (సిరాని ఒకసారి లాగడం), ఫ్లాష్, మళ్లీ ఒక పుల్ వేయించండి. స్క్వీజీ (సిరా లాగే రబ్బరు పట్టీ) గట్టిదనం 70 డ్యూరోమీటర్, అంచు అరిగి ఉండకూడదు. స్క్రీన్‌కీ గుడ్డకీ మధ్య 2–3 మి.మీ. ఎత్తు ఉండాలి. మెష్ వదులుగా ఉంటే ప్రింటర్ బలంగా నొక్కుతాడు, నొక్కితే సిరా పక్కకి పాకుతుంది. మీ ఒత్తులు పూడటానికి సగం కారణం అదే అయ్యుంటుంది. ఎరుపు కింద ఉండే తెలుపు బేస్‌ని అన్ని వైపులా 0.15 మి.మీ. లోపలికి కుదించండి, లేకపోతే ఎరుపు చుట్టూ తెల్ల గీత బయటపడుతుంది.

ఒత్తు_పొల్లు

మెష్ మార్చినా ఫైల్ సరిగ్గా లేకపోతే మళ్లీ అదే కథ. స్క్రీన్‌కి రెండు కొలతలు గుర్తుంచుకోండి. అచ్చయ్యే గీత కనీసం 0.35 మి.మీ., అచ్చు కాకుండా గుడ్డ కనిపించాల్సిన సందు కనీసం 0.7 మి.మీ. సిరా పాకి మూసేది సందునే, కాబట్టి దానికి రెట్టింపు. ఇంగ్లిష్ అక్షరాలతో చేసే డిజైన్లకి ఈ ఇబ్బంది అంతగా రాదు. మనకి "రాష్ట్రం" లాంటి మాటలో ష కింద రెండు ఒత్తులు ఇరుక్కుంటాయి. ద–ధ, డ–ఢ జంటల్లో తేడా అంతా కింద ఉన్న చిన్న గీతే. అది పక్కదానికి అంటుకుంటే మాటే మారిపోతుంది.

అందుకే ఫాంటు అలాగే వాడెయ్యకండి. టైప్ చేసి, అవుట్‌లైన్లుగా (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మగా) మార్చి, ఒత్తుల్ని కాస్త కిందికి దించి, తలకట్టుల్లో, గుడిసుడుల్లో ఇరుకైన సందుల్ని చేత్తో విప్పండి. అవుట్‌లైన్లు చేశాక ఒకదాని మీద ఒకటి పడ్డ ముక్కల్ని యునైట్ చేయడం మరవద్దు. చేయకుండా అంచుగీత పెడితే అక్షరం నడుమ నుంచి కూడా గీతలు వెళ్తాయి.

ఇలస్ట్రేటర్‌లో యూనికోడ్ తెలుగు విడివిడిగా వస్తుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవ లేదు. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) చేసిన ఫైల్‌ని అవుట్‌లైన్ చేయకుండా పంపితే అవతలి సిస్టమ్‌లో పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి.

లైసెన్స్ మాట కూడా. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి. టీషర్టు మీద వేసి అమ్ముకోవచ్చు, ఫాంటుని విడిగా అమ్మకూడదు. బొద్దుగా కావాలంటే రామభద్ర. వెడల్పు, మందం మనిష్టానికి మార్చుకోవాలంటే అనెక్. ఎక్కడో ఉచితంగా దొరికిన ఫాంటు "వ్యక్తిగత వాడకానికే" అంటే లేబుల్‌కి వాడొద్దు. హీరో ముఖం, సినిమా డైలాగు జోలికీ పోవద్దు. మొదట బాగానే అమ్ముతుంది, నోటీసు వస్తే స్టాకంతా ఆగిపోతుంది.

నూలుపోగు

ప్రింటు గురించి అందరూ చెప్తున్నారు, గుడ్డ గురించి ఎవరూ అడగలేదు. మీ 240 జీఎస్ఎం సింగిల్ జెర్సీయా (మామూలు టీషర్టు అల్లిక), టెర్రీయా? మార్కెట్లో ఓవర్‌సైజ్డ్ 240 అని అమ్మేది చాలావరకు లోపల లూపులు ఉండే టెర్రీ. ఫోటోల్లో బాగా నిలబడుతుంది. మే నెలలో హైదరాబాద్, విజయవాడల్లో వేసుకునేవాడిని అడగండి! వేసవి విడత అయితే 200–210 సింగిల్ జెర్సీ చాలని నా అభిప్రాయం.

చెప్పిన జీఎస్ఎం నమ్మకండి. 100 చదరపు సెం.మీ. ముక్క కోసి చిన్న త్రాసులో తూచండి, 2.4 గ్రాములు వస్తేనే 240. పది సెం.మీ. చదరం కోసినా అంతే. ఉతికాక మరోసారి తూచండి: గంజి పెట్టి బరువు పెంచిన గుడ్డ అప్పుడు బయటపడుతుంది.

కుంచించుకుపోవడం చూడాలంటే గుడ్డ మీద 50 సెం.మీ. చదరం గీసి మూడుసార్లు ఉతికి ఆరబెట్టి కొలవండి. 5 శాతం అంటే 2.5 సెం.మీ. పోయినట్టు. 72 సెం.మీ. పొడవున్న టీషర్టులో అది 3.6 సెం.మీ., అంటే ఎల్ కాస్తా ఎమ్ అవుతుంది. పక్క కుట్టు ముందుకి తిరిగి వస్తోందేమో కూడా అప్పుడే చూడండి, సింగిల్ జెర్సీలో నూలు మెలిక వల్ల వచ్చే జబ్బు అది. నలుపు కాబట్టి తడి తెల్లగుడ్డతో పదిసార్లు రుద్ది రంగు వదులుతుందో చూడండి.

కోంబ్డ్ కాటన్ (పొట్టి పీచు దువ్వి తీసేసిన నూలు), బయో వాష్ (ఎంజైమ్‌తో పైనూగు తీయడం) అయినదే తీసుకోండి. పొట్టి పీచు అలా తీయని కార్డెడ్ నూలు అయితే ఉతికేకొద్దీ పీచు సిరాలోంచి పైకి లేచి తెలుపు మసకబారుతుంది. చాలామంది దాన్ని ప్రింటు లోపం అనుకుంటారు.

తిరుప్పూర్‌లో సొంతంగా నేయించి రంగు వేయించాలని చూడకండి. 100 పీసులకు పట్టే గుడ్డ 30–35 కిలోలే, అంత చిన్న లాటుకి డైయింగ్ గిట్టుబాటు కాదు. రెడీ ప్లెయిన్ పీసులే కొనండి, అన్నీ ఒకే డై లాటువి (ఒకేసారి రంగు వేసినవి) కావాలని అడిగి మరీ తీసుకోండి.

నల్లటీ_ఉప్పల్

అందరికీ థ్యాంక్స్. గుడ్డ టెర్రీయే. డిశ్చార్జ్ ప్రింటింగ్ గురించి కూడా విన్నాను, అది నప్పుతుందా? 999కి అమ్మాలని అనుకుంటున్నాం, ఏమైనా మిగులుతుందా?

స్క్వీజీ70

డిశ్చార్జ్ అంటే గుడ్డలోని రంగును తీసేసి ఆ చోట కొత్త రంగు నింపడం. నూరు శాతం నూలుకే పనిచేస్తుంది, పాలిస్టర్ కలిసిందైతే వద్దు. చేతికి ప్రింటు ఉన్నట్టే తెలియదు, ఒత్తులు కూడా పెద్దగా పూడవు. కానీ అన్ని నలుపులూ ఒకేలా వదలవు. కొన్ని తెల్లబడతాయి, కొన్ని గోధుమ రంగులో ఆగిపోతాయి. అదే లాటులోంచి ఒక పీసు మీద వేసి చూడాల్సిందే. కలిపిన సిరా కొన్ని గంటలకే పాడవుతుంది, ఘాటు వాసన, గాలి బాగా ఆడే చోట చేయాలి. మొదటి ఉతుకు అయ్యాక ప్యాక్ చేయాలి. మీ ఎరుపు కచ్చితంగా అదే షేడ్ రావాలంటే ప్లాస్టిసాల్‌తోనే ఉండండి.

డీటీఎఫ్‌ని పూర్తిగా కొట్టిపారేయకండి. ఛాతీ లోగోకీ, ఇరవై ముప్పై పీసుల రీఆర్డర్‌కీ అదే చవక. ఫిల్మ్ తీశాక పార్చ్‌మెంట్ కాగితం పెట్టి ఇంకో 8–10 సెకన్లు ప్రెస్ చేస్తే మెరుపు తగ్గుతుంది. రంగు క్రమంగా పలచబడే షేడింగ్ మాత్రం చుక్కలుగా మార్చి ఇవ్వండి, లేకపోతే వెనక తెలుపు మచ్చలా కనిపిస్తుంది.

లెక్కలపుస్తకం

మీ రేట్లు నాకు తెలియవు కాబట్టి ఊహించి వేస్తున్నా, మీవి పెట్టి తిరగరాసుకోండి. ప్లెయిన్ పీసు 290. వీపుకి మూడు స్క్రీన్లు (బేస్, ఎరుపు, పై తెలుపు), లోగోకి ఒకటి, ఒక్కోటి 400 చొప్పున 1,600, పీసుకి 16. నాలుగు స్క్రీన్ల ప్రింటు 60. మెడ లేబుల్ 8, కవరు 12. మొత్తం 386, వందకి 38,600.

999లో 5 శాతం జీఎస్టీ తీస్తే చేతికి 951. కొరియర్ 80, ఆన్‌లైన్ చెల్లింపు గేట్‌వే 24 పోతే 847. డెబ్బై అమ్ముడైతే 59,290, మిగిలేది 20,690. ఫోటోషూట్, ప్రకటనలు, సైజు మార్పుల రెండు వైపుల కొరియర్ ఇంకా అందులోంచే. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే తిరిగొచ్చే పార్సిళ్లు దీన్ని సులువుగా తినేస్తాయి, మొదటి విడతకి ప్రీపెయిడే పెట్టండి. వందా ఒకేసారి ప్రింటు చేయించకండి. అరవై చేయించి నలభై ప్లెయిన్‌గా ఉంచండి, స్క్రీన్లు చెరపొద్దని ముందే మాట్లాడుకోండి. సైజులు అయిపోయే తీరు చూసి మిగతావి వేయించవచ్చు.

2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు ధర 2,500 దాకా జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. హెచ్ఎస్ఎన్ (జీఎస్టీలో సరుకు కోడ్) 6109. రాష్ట్రం దాటి ఒక్క పీసు అమ్మినా టర్నోవర్ ఎంతని చూడరు, రిజిస్ట్రేషన్ ఉండాలి. కవరు మీద ఎమ్మార్పీ, మీ పేరు, చిరునామా, నెల, సంవత్సరం, సైజు, ఫిర్యాదులకి నంబరు వేయండి.

పేరుకి ట్రేడ్‌మార్క్ 25వ తరగతిలో (దుస్తులది) వేయాలి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 4,500, కంపెనీగా వేస్తే 9,000 (చిన్న సంస్థగా నమోదైతే అదీ 4,500). మెడ లేబుళ్లు అచ్చు వేయించకముందే రిజిస్ట్రీ సైట్‌లో వెతకండి, స్పెల్లింగ్ వేరైనా పలకడంలో దగ్గరగా ఉన్నవి కూడా.