లాగోస్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా? జేడ్ ఒసిబెరు గురించి కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. నైజీరియా నిర్మాత జేడ్ ఒసిబెరు గురించి మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఆవిడ మాంచెస్టర్‌లో ఇంజనీరింగ్ చదివి సినిమాల్లోకి వచ్చారు. నేనూ బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నాను, అందుకే ఆవిడంటే అంత ఇష్టం.

2017లో ఆవిడే తీసిన 'ఇసోకెన్' చూశాను. ముప్పై నాలుగేళ్లొచ్చినా పెళ్లికాని అమ్మాయి, ఇంట్లో అమ్మ పోరు. పక్కన కూర్చున్న మా అక్క పల్లీలు ఒలవడం ఆపేసి, "ఇది మనింటి కథే కదే" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

2023లో 'గ్యాంగ్స్ ఆఫ్ లాగోస్' ప్రైమ్ వీడియోలో వచ్చింది. ఆఫ్రికాలో వాళ్ల మొదటి ఒరిజినల్ సినిమా అదే. మరుసటి ఏడాదే ఆఫ్రికాలో కొత్త ఒరిజినల్స్ ఆపేస్తున్నామని ప్రైమ్ ప్రకటించింది. నా వ్యాసం సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది.

మరి ఇప్పుడు అక్కడి నిర్మాతలకు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? థియేటర్ వసూళ్లు సరిపోతాయా, మన దగ్గరలా ఫైనాన్షియర్లు వడ్డీకి ఇస్తారా? అక్కడ హాల్లో సినిమా చూసినవాళ్లు టికెట్ ధర, జనం ఎలా వస్తారో చెప్పినా చాలు. ఇంకొకటి, ఆవిడ ఇంటిపేరు 'ఒసిబెరు' అని రాస్తే సరైనదేనా? పేరు తప్పు పడితే నాకు చాలా బాధగా ఉంటుంది.