అప్‌డేట్: వాలై ట్రిప్‌కి చార్టరే ఖాయం చేశాం

మినియాపొలిస్ నుంచి నాలుగు కుటుంబాలం అమెరికా, కెనడా సరిహద్దులో ఉన్న లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సుకి వాలై అనే మంచినీటి చేపలు పట్టడానికి వెళ్తున్నామని, పడవ అద్దెకు తీసుకుని మేమే నడపాలా, కెప్టెన్‌తో చార్టర్ మాట్లాడుకోవాలా అని అడిగాను కదా. మీ సలహాలన్నీ చదివాక చార్టర్ బుక్ చేశాం. జూన్‌లో ప్రయాణం, బస బోడెట్ అనే ఊరి దగ్గర.

నన్ను ఒప్పించింది గాలి గురించి మీరు చెప్పిన మాటే. సరస్సులో మినసోటా వైపున్న బిగ్ ట్రావర్స్ బే చూడటానికి సముద్రంలా ఉన్నా లోతు చాలావరకు ముప్పై అడుగుల చుట్టూనే. అందుకే గాలి లేస్తే అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా వచ్చి పడవను కుదిపేస్తాయట. పిల్లలతో ఆ టెన్షన్ మాకొద్దు.

మా వాళ్లలో పెద్ద చర్చ సైజు గురించే. అక్కడి నిబంధన ప్రకారం 19.5 నుంచి 28 అంగుళాల మధ్య వాలై పడితే వెంటనే వదిలేయాలి. అంత పెద్ద చేపను ఎలా వదులుతామని ఒకాయన పట్టుబట్టారు. గుడ్లు పెట్టే ఆడ చేపలు ఎక్కువగా ఆ సైజులోనే ఉంటాయని చెప్పాక ఒప్పుకున్నారు. నాకైతే ఇది చాలా మంచి నిబంధన అనిపిస్తుంది. పులుసుకి చిన్నవే రుచి కూడా.

ఎరగా బంగారు రంగు జిగ్‌కి (బరువు తలతో ఉండే గాలానికి) షైనర్ అనే చిన్న చేపను గుచ్చి, సరస్సు అడుగుభాగానికి కాస్త పైన ఆడించమన్నారు. నీళ్లు టీ రంగులో ఉంటాయి కాబట్టి ఆ మెరుపు బాగా కనిపిస్తుందట. లైసెన్సులు ఆన్‌లైన్‌లో తీసేసుకున్నాం. పిల్లల లైఫ్ జాకెట్లు ఈ శనివారం కొంటాం.