వీడియో గేమ్ పాత్రలకు గొంతు ఇచ్చే పని: మా ఊళ్ల నుంచి కుదురుతుందా?

పెన్నా_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. అనంతపురంలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మా తాత పద్యనాటకాల్లో దుర్యోధనుడు వేసేవారు, ఆ గొంతే నాకు వచ్చిందని ఇంట్లో అంటారు. హాస్టల్లో స్నేహితులు గేమ్ ఆడుతుంటే శబ్దం ఆపించి, అందులోని పాత్రలన్నిటికీ నేనే తెలుగులో మాట్లాడతాను. పక్క గదుల వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. దీన్నే బతుకుతెరువు చేసుకోవాలని ఉంది. హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థకు ఫోను చేస్తే 3 నెలలకు 40 వేలు అడిగారు. "మీ గొంతుకు తిరుగులేదు" అన్నారు. అప్పటికి నేను నా పేరూ ఊరూ తప్ప ఏమీ చెప్పలేదు. నాన్నేమో గ్రూప్స్‌కు చదవమంటున్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, జీవితం ఎలా ఉంటుంది?

ఎర్రకారం_దోసె:
ముందు ఆ 40 వేలు జేబులోనే ఉంచుకో తమ్ముడూ. పేరూ ఊరూ విని తీర్పు చెప్పినవాడు నీ జేబు చప్పుడు విన్నాడు.

నాది కడప. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సరుగా మొదలుపెట్టి, హైదరాబాదులో 8 ఏళ్లు సీరియళ్లకు డబ్బింగ్ చెప్పి, ఇప్పుడు మళ్లీ కడపలోనే ఇంట్లో రికార్డింగ్ చేసుకుంటున్నాను. నా సంపాదనలో గేమ్‌ల వాటా ఐదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా సీరియళ్లు, ప్రకటనలు, పిల్లల పాఠాలు. తెలుగు మాటలతో వచ్చే పెద్ద గేమ్‌లు చాలా తక్కువ, నేను చేసినవి ఎక్కువగా ఫోను గేమ్‌లే. ఈ సంగతి మొదటే చెప్పకపోతే నేనూ ఆ సంస్థవాళ్లతో సమానమవుతాను.

ఇక పని. సీరియల్ డబ్బింగ్‌లో తెర మీద పెదవులు కదులుతుంటాయి, ఎదుట ఒక మనిషి ఉంటాడు, కథ ఉంటుంది. గేమ్‌లో చాలాసార్లు అవేవీ ఉండవు. చేతికి వచ్చేది ఒక ఎక్సెల్ పట్టిక. ఒక గడిలో ఫైలు పేరు, పక్క గడిలో మాట, ఆ పక్కన ఇంగ్లీషు మాట ఎన్ని సెకన్లు ఉందో ఆ లెక్క. తెలుగు అంతకు మించకూడదు. మన క్రియాపదం చూస్తే వాక్యం చివర తీరిగ్గా కూర్చుని ఉంటుంది, దాన్ని మింగడానికి వీల్లేదు. "వాడు అటు వెళ్లాడు" అని రాసి ఉంటుంది. వాడెవడు? నేను పరిగెడుతున్నానా, దాక్కున్నానా? 20 అడుగుల అవతలి మనిషికి చెబుతున్నానా, చెవిలో చెబుతున్నానా? అన్నీ డైరెక్టరును అడిగి తెలుసుకోవాలి. మొదటిరోజు నేను అడగలేదు. రేడియో అలవాటు కొద్దీ గంటన్నర చక్కగా చదివేశాను. ఆయన అంతా విని, "అమ్మా, అక్కడ ఊరు తగలబడుతోంది, మీరు వేరుశనగ ధరలు చెబుతున్నారు" అన్నాడు.

మాటలైనా నయం. మాటలు లేనివే అసలు పరీక్ష. దెబ్బ తినడం, దూకడం, బరువెత్తడం, చావడం. ఒకే అరుపు పదేపదే వినిపిస్తే ఆడేవాడికి విసుగు, కాబట్టి ప్రతిదీ రకరకాలుగా కావాలి. చిన్న దెబ్బ 8 రకాలు, పెద్ద దెబ్బ 8 రకాలు, నీళ్లలో చావు, నిప్పులో చావు, కొండ మీద నుంచి పడి చావు. ఒక మధ్యాహ్నం 31 సార్లు చచ్చి, షేర్ ఆటో ఎక్కి కూరగాయల అంగడికి వెళ్లాను. బేరమాడటానికి గొంతు లేదు. ఆ రోజు వంకాయలు వాళ్లు చెప్పిన ధరకే.

ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. ఆడవాళ్ల స్వరతంత్రులు మామూలు మాటలోనే సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. చేతికి కాయలు కాసినట్టే వాటికీ కాస్తాయి. నాకు ఒకసారి కాశాయి. డాక్టరు 3 వారాలు నోరు విప్పవద్దన్నారు, గుసగుస కూడా వద్దన్నారు. కాపురానికి వచ్చాక ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని మా అత్త మురిసిపోయింది. అమెరికాలో 2016లో గేమ్ నటులు సమ్మెకు దిగినప్పుడు, గొంతు చించుకునే రికార్డింగ్ 2 గంటలకు మించకూడదన్నది వాళ్ల కోరికల్లో ఒకటి. సమ్మె 11 నెలలు నడిచింది. ఇంట్లో ఒంటరిగా చేసే నా తరఫున అడిగేవాళ్లు లేరు కాబట్టి నియమం నేనే పెట్టుకున్నాను, అరుపులన్నీ ఆఖరున. ముందే అరిస్తే తర్వాత ప్రేమ మాటలు కప్ప మాటల్లా వస్తాయి.

ఇంట్లో అన్నాను కదా, స్టూడియోను ఊహించుకోవద్దు. బీరువాకూ గోడకూ మధ్య సందు, చుట్టూ బొంతలు. ఫ్యాను వేస్తే మైకు వింటుంది. మే నెల కడపలో ఫ్యాను లేకుండా ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కరలేదు. అందుకే రాత్రి 11 దాటాక, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, వీధి కుక్కలు ఒప్పుకుంటే పని. పేరు ఇలా పెట్టుకున్నాను కానీ, రికార్డింగ్ ముందురోజు ఎర్రకారం జోలికి వెళ్లను.

కొండారెడ్డి_బురుజు:
కర్నూలు నుంచి. నాది గొంతు పని కాదు, గేమ్‌లను విడుదలకు ముందు ఆడి తప్పులు పట్టే ఉద్యోగం. అక్క చెప్పనిది ఒకటి. సంతకం పెట్టే కాగితంలో ఈ గొంతును ఏ రూపంలోనైనా, ఎప్పటికైనా వాడుకోవచ్చు అని ఉంటే కలం కింద పెట్టండి. ఆ గొంతుతో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చుకోవచ్చని దాని అర్థం. 2024 జూలైలో అమెరికా నటులు మళ్లీ సమ్మె మొదలుపెట్టింది ముఖ్యంగా దీని గురించే, దాదాపు ఏడాది పట్టింది. మా దగ్గర ఇదివరకు తాత్కాలికంగా కంప్యూటర్ గొంతు పెట్టి తర్వాత మనిషి గొంతు చేర్చేవారు. ఈమధ్య ఆ "తర్వాత" రావడం లేదు.

నాటకం అలవాటు మాత్రం వృథా పోదు. మారియో అనే గేమ్ పాత్రకు 1996 నాటి సూపర్ మారియో 64 నుంచి 2023 దాకా గొంతు ఇచ్చిన చార్లెస్ మార్టినే రంగస్థలం మనిషే. గొంతుల ఎంపిక ముగించి అక్కడివాళ్లు సామాను సర్దుకుంటుంటే లోపలికి వెళ్లాడట. షేక్‌స్పియర్ నాటకంలో తాను వేసిన ముసలి గ్రేమియో గొంతును గుర్తు చేసుకుని, టేపు అయిపోయేదాకా మాట్లాడాడు.

హార్మోనియం_పెట్టె:
నాయనా, నాటక నటుడు బళ్లారి రాఘవ పుట్టిన ఊరివాడివి, గొంతు ఉండే ఉంటుంది. 1885లో మా కడప జిల్లా సురభిలో కీచకవధ ఆడిన రోజున మైకు ఎక్కడిది? ఆఖరి వరుస దాకా ఊపిరితో తోయవలసిందే. కానీ మైకు ముందు ఆ అలవాటే అడ్డం. నేనొకసారి రేడియో నాటకానికి వెళ్తే నన్ను నాలుగడుగులు వెనక్కి నిలబెట్టారు. తాతగారిని రాగం అడగవద్దు. తొడ విరిగాక దుర్యోధనుడు ఎలా మూలిగేవాడో అడుగు.

పెన్నా_ఒడ్డు:
అడిగాను. ముందు నన్ను చేసి చూపించమన్నారు. మిద్దె మీద 5 రకాలుగా చేశాను, కింద అద్దెకున్న పిన్నిగారు నీళ్ల చెంబుతో పరిగెత్తుకొచ్చారు. తాత మాత్రం తల అడ్డంగా ఊపారు. "గద తగిలినవాడికి ముందు ఊపిరి పోతుంది, తర్వాత అరుపు వస్తుంది. నువ్వు ముందు అరిచి, తర్వాత దెబ్బ తింటున్నావు" అన్నారు. సంస్థకు డబ్బు కట్టడం లేదు. గ్రూప్స్ పుస్తకాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. అక్కా, బొంత ఒక్కటే దొరికింది. మైకు వెనక కట్టాలా, నా వెనకా?

ఎర్రకారం_దోసె:
నీ వెనక. మైకు ముఖం నీ వైపు ఉంటుంది కదా, నీ వెనక గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడే దానికి ఎక్కువ వినపడుతుంది. తాతగారికి నా నమస్కారం చెప్పు.