ఆన్సరింగ్ మెషిన్ ఫోన్ కొన్నాను, మెసేజ్‌ల బదులు టుయ్ టుయ్ మనే మోతే రికార్డవుతోంది

అరుగుమీద_పిల్లి:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. వెనక గదిలోంచి లేచి హాల్లోకి వచ్చేసరికి ల్యాండ్‌లైన్ ఆగిపోతుంది. ఎవరు చేశారో తెలియదు, ఇంక ఆ పూటంతా ఎవరై ఉంటారు, ఏమై ఉంటుంది అనే టెన్షనే. మొబైల్ కొనిచ్చాం, అది ఛార్జింగ్ లేక అల్మారాలో పడుంటుంది. ఇలా కాదని పోయిన వారం ఒక కార్డ్‌లెస్ సెట్ తెచ్చాను. ఒక బేసు, రెండు హ్యాండ్‌సెట్లు, ఆన్సరింగ్ మెషిన్ (మనం ఎత్తకపోతే తనే ఎత్తి అవతలివాళ్ల మాట రికార్డు చేసుకునేది) బేసులోనే ఉంది. లైను ఫైబర్ మోడెమ్ వెనకాల ఫోన్ బొమ్మ వేసిన సాకెట్‌లోంచి ఇచ్చాను. డయల్ టోన్ వచ్చింది, కాల్స్ వెళ్తున్నాయి, వస్తున్నాయి.

గొడవంతా మెషిన్‌తోనే. ఇవాళ్టికి 11 మెసేజ్‌లు ఉంటే అందులో 9 ఒట్టి టుయ్... టుయ్... టుయ్... మనే మోత, ఒక్కోటీ మూడేసి నిమిషాలు. కొన్ని కాల్స్‌కి అసలు మా మెషినే ఎత్తదు, ఎవరో అమ్మాయి గొంతు వచ్చి సందేశం చెప్పమంటుందట. మా తమ్ముడు రెండుసార్లు మెసేజ్ పెట్టానని ఒట్టేసి మరీ చెప్తున్నాడు, మెషిన్‌లో మాత్రం ఒక్కటీ లేదు. ఉన్నవాటన్నిటికీ టైము సోమవారం పన్నెండు గంటలనే చెప్తోంది. బయటినుంచి ఫోన్ చేసి మెసేజ్‌లు వినొచ్చని పెట్టె మీద రాసి ఉంటే ఆఫీసు నుంచి ప్రయత్నించాను, పుస్తకంలో చెప్పిన నాలుగు సున్నాలూ నొక్కాను, ఉలుకూ పలుకూ లేదు.

ఇంకోటి. ఒక హ్యాండ్‌సెట్ ఛార్జర్ మీద పెడితే బాగా వేడెక్కుతోంది. దాంతో వచ్చిన బ్యాటరీల మీద 1.2 వోల్టులని ఉంటే వీకేమోనని పక్కన పెట్టి, టీవీ రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్స్ వేశాను. తప్పు చేశానా?

మోత కాని రెండు మెసేజ్‌లలో ఒకటి మా అమ్మదే. పిన్ని వాళ్లింటి నుంచి చేసింది, రికార్డు చేసిన నా గొంతు విని నేనే ఎత్తాననుకుంది. "ఏరా, ఇవాళ అప్పుడే వచ్చేశావేంటి... వినపడుతోందా... మాట్లాడవేంరా, ఒంట్లో బాగోలేదా?" ఆ తరవాత ఇంటికొచ్చేదాకా ఆవిడకి కంగారు.

గాలివాన:

ల్యాండ్‌లైన్‌ని మీ మొబైల్‌కి ఫార్వర్డ్ చేసి పడేయండి. ఈ రోజుల్లో ఇంత తంటా అవసరమా?

రాగితీగ:

ఫార్వర్డ్ చేస్తే కాల్ ఆయన ఆఫీసులో మోగుతుంది, అమ్మగారికి ఒరిగేదేమిటి.

పిల్లిగారూ, ముందు ఆ సెల్స్ తీసేయండి. మిగతాది తీసొచ్చాక చదవండి. మామూలు ఆల్కలైన్ సెల్స్‌ని ఛార్జ్ చేస్తే లోపలిది కారుతుంది, ఒక్కోసారి పగులుతాయి కూడా. 1.2 అంటే వీక్ అని కాదు, నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్ వోల్టేజే అంత, ఫోన్‌ని దానికి తగ్గట్టే చేస్తారు. సెట్‌తో వచ్చినవే మళ్లీ వేసి, మొదటిసారి మాత్రం పుస్తకంలో చెప్పినంతసేపూ ఛార్జర్ మీంచి తీయకండి. కొన్నిటికి 16 గంటల దాకా చెప్తారు.

ఇక ఆ మోత. అవతలివాళ్లు పెట్టేశాక లైన్‌లో వచ్చే టోన్ అది. మనమైతే వినగానే పెట్టేస్తాం, మెషిన్‌కి ఆ సంగతి తెలియాలిగా. తెలిసే దారులు రెండు. అవతల పెట్టేయగానే లైన్‌లో కరెంటు ఒక్క క్షణం తెగాలి, లేదంటే మెషినే ఆ టోన్‌ని గుర్తుపట్టాలి. మీ మోడెమ్ కరెంటు తెంచుతున్నట్టు లేదు. టోన్ చూస్తే ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అందుకే ఇలాంటి సెట్లలో చాలావాటికి మెనూలో దేశం ఎంచుకునే చోటు ఒకటి పెడతారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అడిగే ఉంటుంది, మనం ఓకే ఓకే అని నొక్కుకుంటూ పోతాం. అక్కడ వేరే దేశం పడితే మెషిన్ ఆ మోతని కూడా ఎవరో మాట్లాడుతున్నారనుకుని రికార్డు చేస్తూ కూర్చుంటుంది. అది సరిచేయండి. అయినా తగ్గకపోతే మెసేజ్ నిడివిని 1 నిమిషానికి కుదించండి. ఈ మెషిన్లలో మొత్తం జాగా చాలావరకు 15 నుంచి 30 నిమిషాలే. మీ 9 మోతలూ మూడేసి నిమిషాల లెక్కన 27 నిమిషాలు మింగేశాయి, అవి చెరిపేయకపోతే రేపో ఎల్లుండో మెమరీ నిండిపోయి అసలు రికార్డింగే ఆగిపోతుంది.

మీ తమ్ముడి ఒట్టు నిజమే. ఆ అమ్మాయి గొంతు మీ మెషిన్‌ది కాదు, ఫోన్ కంపెనీ వాయిస్‌మెయిల్‌ది. అంటే మీ లైన్ మీద కాల్ కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు, ఎవరు ముందు ఎత్తితే కాల్ వాళ్లది. ఒకసారి ఇది, ఒకసారి అది ఎందుకు ఎత్తుతోందంటే, నా అనుమానం, మీ మెషిన్‌లో ఎన్ని రింగులకి ఎత్తాలి అన్నచోట టోల్ సేవర్ అనో ఆటో అనో ఉండి ఉంటుంది. అందులో కొత్త మెసేజ్ ఉంటే రెండో రింగుకే ఎత్తుతుంది, లేకపోతే నాలుగో ఐదో అయ్యేదాకా ఆగుతుంది. ఇది బయటి కాల్స్‌కి డబ్బులు దండిగా పడే రోజుల్లో పుట్టిన తెలివి. మనం బయటినుంచి చేసినప్పుడు మూడో రింగు వినపడిందంటే కొత్తవేం లేవని తెలిసిపోతుంది, అది ఎత్తకముందే పెట్టేస్తే కాల్ ఖర్చు మిగులుతుంది. మీ విషయంలో మాత్రం, కొత్త మెసేజ్‌లు లేనప్పుడల్లా మెషిన్ తాపీగా ఆగుతుంటే ఆ సందులో వాయిస్‌మెయిల్ ఎత్తుకుపోతోంది. కంపెనీకి ఫోన్ చేసి వాయిస్‌మెయిల్ తీయించేయండి. దానికంటే ముందు అందులో ఉన్నవి వినండి, మీ తమ్ముడివి రెండూ అక్కడే ఉంటాయి.

సోమవారం పన్నెండు గంటలంటే గడియారం సెట్ చేయలేదని. కాలర్ ఐడీ ఉంటే కొన్ని ఫోన్లు వచ్చే కాల్ నుంచే తేదీ, టైము తీసుకుంటాయి, కానీ అన్ని లైన్లలోనూ ఆ సమాచారం రాదు. చేత్తో పెట్టుకోవడమే నయం. కరెంటు పోయొస్తే మళ్లీ పోతుంది, అదొక విసుగు. మెసేజ్‌లకి సాధారణంగా ఏమీ కాదులెండి, అవి ఫ్లాష్ మెమరీలో ఉంటాయి.

నాలుగు సున్నాలంటే కొన్న ప్రతివాడికీ తెలిసిన కోడ్, దాంతో బయటినుంచి ఎవడైనా మీ ఇంటి మెసేజ్‌లు వినేయొచ్చు. అందుకని కొన్ని మోడళ్లలో కోడ్ మార్చేదాకా ఆ సౌకర్యమే పనిచేయదు. మార్చి చూడండి.

మధ్యాహ్నం_కునుకు:

ఇదంతా బాగానే ఉంది కానీ, రెండు హ్యాండ్‌సెట్లన్నారు కదా. రెండోది ఎక్కడుంది?

అరుగుమీద_పిల్లి:

...నా గదిలో ఉంది. మేడ మీద.

సరే, నవ్వుకోండి. ఇప్పుడే వెళ్లి ఛార్జర్‌తో సహా తెచ్చి అమ్మ మంచం పక్కన ప్లగ్‌లో పెట్టాను. సెల్స్ కూడా తీసేశాను, ఒకదాని చివర అప్పటికే తెల్లగా పొడిలా పూసింది. తుడిచి సెట్‌తో వచ్చినవే వేశాను. రాగితీగ గారూ, ఆ ఒక్క మాటకే మీకు వంద దండాలు.

దేశం చూస్తే నిజంగానే లిస్టులో మొట్టమొదట ఉన్నదే పడి ఉంది. మార్చాను, గడియారం పెట్టాను, మోతలన్నీ చెరిపేశాను, నిడివి ప్రస్తుతానికి నిమిషం చేశాను. వాయిస్‌మెయిల్ సంగతి రేపు అడుగుతాను. మరి రింగులు ఎన్ని పెట్టమంటారు? అమ్మ మంచం మీద లేనప్పుడు, అంటే పెరట్లోనో ఎక్కడో ఉన్నప్పుడు, రావడానికి టైము కావాలి కదా, 9 ఉంది ఎక్కువలో ఎక్కువ. అదే పెట్టేయనా?

రాగితీగ:

వాయిస్‌మెయిల్ తీసేస్తే 9 పెట్టుకోవచ్చు. ఒక రింగంటే దేశాన్ని బట్టి 3 నుంచి 6 సెకన్లు ఉంటుంది కాబట్టి తొమ్మిదంటే అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం దాటి పోతుంది, అంతసేపు అవతల ఓపిక పట్టాలి.

పాత_క్యాసెట్:

నేను ఒప్పుకోను. 9 వద్దు, 3 పెట్టండి.

మా ఇంట్లో చిన్న క్యాసెట్ వేసే మెషిన్ ఉన్న రోజుల నుంచి నాకు ఇవి అలవాటు, నా అనుభవం ఒకటి చెప్తాను. రింగులు పెంచితే పెద్దవాళ్లు పరిగెడతారు. మోగుతున్నంతసేపూ ఆగిపోతుందేమోనన్న హడావుడి, కాలు జారేది అప్పుడే. మా నాన్నగారు అలాగే గడప తట్టుకుని పడ్డారు. అదే మెషిన్ మూడో రింగుకి ఎత్తేసి, అవతలి మనిషి మాట్లాడేది బేసు స్పీకర్‌లో గట్టిగా వినపడుతుంటే వీళ్లకి కంగారు ఉండదు. ఎవరో తెలిసింది, ఎందుకు చేశారో తెలిసింది. కావాలంటే మెల్లగా వచ్చి మధ్యలో ఫోన్ ఎత్తి మాట్లాడొచ్చు, ఎత్తగానే రికార్డింగ్ ఆగిపోతుంది. అక్కర్లేని కాల్ అయితే కదలనే అక్కర్లేదు. మెనూలో కాల్ స్క్రీనింగ్ అని ఉంటుంది, అది ఆన్ చేసి బేసు వాల్యూమ్ పెంచండి. నన్నడిగితే ఆన్సరింగ్ మెషిన్ వల్ల అసలు ఉపయోగం ఇదే, మెసేజ్ దాచడం తరవాతి సంగతి.

దాచడం గురించి అంటే గుర్తొచ్చింది. మనిషి గొంతుని అయస్కాంతంతో రికార్డు చేయడమనేది మొదలైందే ఫోన్ సందేశాల ఆలోచనతో. 1898లో డెన్మార్క్‌లో వాల్డెమార్ పౌల్సెన్ అనే ఆయన ఉక్కు తీగ మీద గొంతు పట్టే టెలిగ్రాఫోన్ చేశాడు. పాటల క్యాసెట్లు, టేపులు అన్నీ ఆ తరవాతివే.

పలకరింపు మాత్రం మార్చండి. మీ గొంతుతో "హలో, చెప్పండి" లాంటిది ఉన్నట్టుంది, అందుకే అమ్మగారు పాపం నిజమనుకున్నారు. మొదటి మాటే "ఇది మెషిను" అని ఉండాలి. ఇలా పెట్టుకోండి: "ఇది మెషిను మాట్లాడుతోంది. మేం ఇప్పుడు ఫోన్ దగ్గర లేం. బీప్ వచ్చాక మీ పేరు, నంబరు చెప్పండి." అంతే. ఊళ్లో లేం, సోమవారం వస్తాం లాంటివి చెప్పకండి, ఇల్లు ఖాళీ అని దొంగకి మనమే చెప్పినట్టు. రికార్డు చేసేటప్పుడు బేసుకి జానెడు దూరంలో ఉండి, ఫ్యాను ఆపి మాట్లాడండి. ఫ్యాను గాలి మైకులో పడితే వినేవాళ్లకి వానలో నిలబడి మాట్లాడినట్టుంటుంది.

మధ్యాహ్నం_కునుకు:

క్యాసెట్ గారి మాటే రైటు. ఒక చిన్న సంగతి కలుపుతాను, ఫైబర్ లైన్ కాబట్టి కరెంటు పోతే మోడెమూ పోతుంది, బేసూ పోతుంది, ఇంట్లో ఏ ఫోనూ పలకదు. పాత రాగి లైన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి, తీగ ఉన్న ఫోన్ చీకట్లో కూడా మోగేది. రెండిటికీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. పెద్దావిడ పగలు ఒక్కరే ఉంటారు కదా.

అరుగుమీద_పిల్లి:

నాలుగు రోజులు చూసి రాస్తున్నాను.

వాయిస్‌మెయిల్ తీయించాను. తీయించే ముందు వింటే తమ్ముడివి రెండు కాదు, మూడు మెసేజ్‌లున్నాయి, మూడోది నన్ను తిడుతూ. కోడ్ మార్చాక ఆఫీసు నుంచి వినడం కుదిరింది. రింగులు 3 పెట్టి స్క్రీనింగ్ ఆన్ చేశాను. మొదటిరోజు అమ్మ బేసు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరు మాట్లాడినా ఎత్తకుండా వింటూ కూర్చుంది, రేడియోలా. ఇప్పుడు నచ్చినవాళ్లవి ఎత్తుతోంది. మోత ఒక్కటి కూడా రాలేదు.

కొత్త గొడవ ఏంటంటే మా పిన్ని. ఆవిడ మాట నిమిషంలో తెగదు. నిన్న మెషిన్ మధ్యలో కట్ చేస్తే మళ్లీ చేసి, మళ్లీ కట్ అయితే మళ్లీ చేసి, మూడు ముక్కల్లో ఒకే కబురు చెప్పింది, మూడో ముక్కలో సగం మెషిన్‌ని మందలించడమే. నిడివి పెంచొచ్చా, మళ్లీ మోత వస్తుందంటారా?

రాగితీగ:

దేశం సరిపోయింది కాబట్టి రాదు. మళ్లీ 3 నిమిషాలు చేసేయండి. వారానికోసారి పాతవి చెరపడం మర్చిపోకండి, మీ పిన్నిగారి లెక్కన ఆ జాగా త్వరగానే నిండుతుంది.