ప్రేమ వివాహాలు విడిపోయేది బయటివారి వల్లనా, ఆ ఇద్దరి వల్లనా?

మహబూబ్‌నగర్ వాసి:

మన దగ్గర ప్రేమించి పెళ్లి చేసుకున్నవారు విడిపోయినప్పుడల్లా కులాన్నో, తల్లిదండ్రుల పంతాన్నో కారణంగా చెప్పి మాట ముగిస్తారు. నేను దీనితో ఏకీభవించను. ఊరంతా ఎదురు తిరిగిన రోజుల్లో కలిసి నిలబడిన జంటలే, ఇంటివాళ్లు మెత్తబడి పండుగలకు పిలవడం మొదలుపెట్టాక విడాకుల దాకా వెళ్తున్నాయి. దశాబ్దాల పాటు జంటలను పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, బంధాన్ని దెబ్బతీసే ప్రవర్తనలు నాలుగని చెప్పారు: జరిగిన తప్పును వదిలి మనిషినే నిందించడం, చులకన చేయడం, ప్రతి మాటకూ తనను తాను సమర్థించుకోవడం, మాట్లాడడమే మానేయడం. అన్నింటిలోనూ చులకనే ప్రమాదకరమని ఆయన అభిప్రాయం. బంధువుల ముందు “నీకేం తెలుసు, ఊకో” అని భార్యను అన్న భర్త చేత ఆ మాట ఏ కులం అనిపించింది?

మిర్యాలగూడ పాఠకురాలు:

అన్నా, ఆ నాలుగూ నిజమే కానీ అవి ఎటువంటి ఇంట్లో పెరుగుతాయో కూడా చూడాలి. 2018 సెప్టెంబరులో మా పట్టణంలో, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న యువకుణ్ణి కులాంతర వివాహం చేసుకున్నందుకు నరికి చంపారు. నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసేసరికి 2025 మార్చి వచ్చింది. ఆ భయం మధ్య కాపురం పెట్టిన అమ్మాయి గొడవ జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? పెద్దలు కుదిర్చిన పెళ్లిలో పంచాయితీకి పది మంది కూర్చుంటారు. ఈమె పుట్టింటికి ఫోన్ చేస్తే “నువ్వే చేసుకున్నవ్, నువ్వే పడు” అంటారు. అందుకే చిన్న గొడవలు కూడా లోపలే ముదురుతాయి.

మహబూబ్‌నగర్ వాసి:

అక్కా, మధ్యవర్తి లేకపోవడం గురించి మీరన్నది బలమైన మాట. పాలమూరు నుంచి ముంబై, పుణేలకు పనికి వెళ్లినవారి ఇళ్లలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రి ఫోన్‌లో “తిన్నవా, పైసలు పడ్డయా” అన్న రెండు ప్రశ్నలతోనే సంభాషణ ముగుస్తుంటే, మనసులో మాట చెప్పుకునే అలవాటే పోతుంది. అయినా ఆ ఫోన్‌లో మూడో ప్రశ్న అడగడం ఆ ఇద్దరి చేతిలోనే ఉందని నేనంటాను. గొడవ పడుతున్నప్పుడు సైతం ఒక చేదు మాటకు కనీసం అయిదు మంచి స్పందనలు ఉండే జంటలు నిలుస్తాయని గాట్‌మన్ పరిశీలన. కుటుంబ న్యాయస్థానాలు కూడా ముందు రాజీకే ప్రయత్నించాలని 1984 చట్టం చెబుతోంది. అయితే అక్కడికి చేరేసరికి చాలామందికి వినే ఓపిక మిగలదు. అంతకంటే ముందే, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి రోజున సంతకం పెట్టిన ముగ్గురు సాక్షులను పిలిచి కూర్చోబెట్టవచ్చు కదా.

మిర్యాలగూడ పాఠకురాలు:

మంచి ఆలోచనే. కానీ ఆ ముగ్గురూ తరచుగా అబ్బాయి స్నేహితులే అయి ఉంటారు. వారిలో కనీసం ఒకరు, అర్ధరాత్రి అయినా అమ్మాయి జంకు లేకుండా ఫోన్ చేయగలిగిన మనిషి అయి ఉండాలి. ఆ ఒక్కరిని ఎంచుకునే అవకాశం సంతకాలకు ముందే ఆమెకు ఇవ్వాలి.